వంపుగొట్టం

భరణి కార్తె, రెండో రోజు

పొద్దున వంపుగొట్టానికి సున్నా కట్టి, మూడు కుళాయిల నీళ్ళూ చూశాను. ఒకటో కుళాయి, మూడో కుళాయి బాగానే ఉన్నాయి. రెండో దానిలో గీత రెండు గడులు పైకి వెళ్ళింది. గాజు తుడిచి మళ్ళీ చూశాను. అంతే ఉంది. రెండో పొర చిరిగిందన్నమాట.

ఉమామహేశ్వరం గారికి కబురు పెట్టాను. ఆయన వడపోత ఇంటికి పెద్ద, మా ఆరో దిబ్బకి కూడా ఆయనే పెద్ద. పంచె పైకి దోపుకుని, తాళంచెవుల గుత్తి పట్టుకుని వచ్చారు. గొట్టం అందుకుని తానూ ఒకసారి ఆకాశం వైపు ఎత్తి చూశారు. మారు మాట్లాడకుండా రెండో కుళాయి మూత బిగించేశారు. సముద్రం నీళ్ళని మంచినీళ్ళు చేసే పొరలు మాకిక రెండే మిగిలాయి.

"కొత్తవి?" అన్నాను, జవాబు తెలిసి కూడా.

"ఒడ్డున మెట్టవాళ్ళు పంపితే కదమ్మా. వాళ్ళకే చాలడం లేదంటున్నారు."

తెరలు వెలిగే మీటర్లన్నీ ఒక్కొక్కటే మూగబోయాక దిబ్బ మీద నిజం చెప్పేది ఈ గొట్టం ఒక్కటే. దీనికి కరెంటు అక్కర్లేదు, పగటి వెలుగు చాలు. అసలు పేరు రిఫ్రాక్టోమీటరు. మా అత్తగారు ఈ నీళ్ళ గదిలో పనిచేసిన రోజుల్లోనే జనం వంపుగొట్టం అనేశారు. గాజు మీద రెండు చుక్కలు వేసి మూత దించి చూస్తే లోపల పైన నీలం, కింద తెలుపు. నీళ్ళలో ఏది కరిగి ఉన్నా వెలుగు ఇంకాస్త వంగుతుంది. నీలం, తెలుపు కలిసే గీత పక్కనున్న అంకెల పట్టీ మీద ఆ మేరకు పైకి జరుగుతుంది. ఆవిరి పట్టి చల్లార్చిన నీళ్ళు వేసినప్పుడు మాత్రం సున్నా మీద నిలవాలి.

చిట్టాలో అంకె వేసే గడి చిన్నది. మిగతా కాగితం ఖాళీగా పోతుందని నాలుగు మాటలు రాస్తుంటాను. మా ఆయన్ని సముద్రం తీసుకుపోయాక ఇంట్లో మాట్లాడే మనిషి లేక ఈ అలవాటు పట్టింది.

భరణి కార్తె, చివర

సాయంత్రం వడపోత ఇంటి ముందు అందరూ చేరారు. సముద్రం వెనక్కి తీసే పాటు వేళ కావడంతో పడమటి పక్క మొండి కొబ్బరి మానులు నీళ్ళలోంచి పైకి తేలి కనిపిస్తున్నాయి. పిల్లలు వాటి మీదికి రాళ్ళు విసురుతున్నారు.

ఉమామహేశ్వరం గారు ఉన్నమాట చెప్పేశారు. మనిషికి రోజుకి నాలుగు చెంబులు. ఒంట్లో ఉప్పు నిలిచిపోతున్నవాళ్ళకి మాత్రం ఇంటికో బిందె ఎక్కువ.

"ఎవరి ఒంట్లో ఎంతుందో ఎలా తెలుస్తుందండీ?" అని ఎవరో అడిగారు.

"పొద్దున్నే పట్టిన ఒంటేలు గిన్నెలో తెచ్చి ఇవ్వండి. పేరంటాలు గొట్టంలో చూస్తుంది. పట్టీ మీది ఎర్రగీత దాటితే బిందె."

ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మగవాళ్ళు పైకే నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ పేరంటాలు నేనే. రేపటి నుంచి ఆ గిన్నెలన్నీ పట్టుకు కూర్చోవలసింది నేను.

సీతారత్నానికి ఆరో నెల. వడపోత ఇంట్లో పనిచేసే నూకరాజు భార్య. ఇంతకు ముందు రెండు కాన్పులు నిలవలేదు. "కడుపుతో ఉన్నదానికి గిన్నే వద్దు, గీతా వద్దు. బిందె ఇచ్చెయ్యండి," అన్నారు పెద్దాయన. ఆ మాటకి ఎవరూ అడ్డు చెప్పలేదు.

కృత్తిక కార్తె

గిన్నెల వరస రోజూ పెరుగుతోంది. జనం తెలివి మీరి గిన్నెల్లో ఉప్పు కలిపి తెస్తున్నారు. ఒకాయన గిన్నెలో గీత పట్టీ దాటి ఎక్కడికో పోయింది. "ఇంత ఉప్పు ఒంట్లో ఉంటే ఈపాటికి మీరు ఎండుచేప అయిపోయుండాలి కదండీ బాబాయ్," అన్నాను. వరసంతా నవ్వింది. ఆయనా నవ్వేసి గిన్నె పట్టుకుని వెళ్ళిపోయాడు. నవ్వాడు గాని, నిన్న ఆయన మనవరాలి పెదవులు పగిలి ఉండడం నేను చూశాను.

ఇవాళ తాతబ్బాయి కూతురు వీరవేణి వచ్చింది. తాతబ్బాయిది పడవ. దిబ్బకీ మెట్టకీ మధ్య సరుకు తిప్పుతాడు. నన్ను చెల్లెమ్మా అంటాడు, ఆ వరసన ఆ పిల్లకి నేను అత్తని. పంతొమ్మిదేళ్ళది. తల్లి పోయినప్పటి నుంచీ వలలు అల్లి తండ్రికి చేదోడుగా ఉంది. రెక్క పట్టుకుంటే బొమిక తగిలింది.

"ఏమే, తిండి మానేశావా?"

"లేదత్తా, తింటన్నాను. ఇద్దరిదీ నేనే తింటన్నాను. అయినా ఇలా అయిపోతన్నాను."

గీత ఎర్రదాన్ని బాగా దాటింది. బిందె రాసిచ్చాను. సాయంత్రం మళ్ళీ వచ్చి గడప దగ్గర నిలబడింది. బిందె ఖాళీ అయిపోయిందట. "తాగేకొద్దీ దాహం ఎక్కువవుతోందత్తా," అంది. నా చెంబులో ఉన్నది పోశాను. నిలబడే గటగటా తాగేసి, చెంబు అడుగు వైపు చూసింది.

రోహిణి కార్తె, మొదట్లో

ఎండ పడుతుంటే అరుగు మీద కాలు పెట్టలేకపోతున్నాం. గిన్నెలు వరసగా పెట్టి ఉన్నాయి. ఎర్రచీమలు గోడ వెంట బారు కట్టి వచ్చాయి. మిగతా గిన్నెలన్నీ దాటుకుని ఒక్కదాని దగ్గరే ఆగాయి. అది వీరవేణి గిన్నె.

ఆ వేళకి ఉమామహేశ్వరం గారు అక్కడే ఉన్నారు. వంగి చూశారు.

"ఉప్పుకి చీమలు పట్టవు కదమ్మా?"

"పట్టవండి."

"తీపి కలిసినా గీత పైకే వెళ్తుందా?"

"వెళ్తుందండి. ఎంత కరిగిందో చెబుతుంది గాని, ఏం కరిగిందో గొట్టం చెప్పలేదు."

"మరింకేం. బెల్లం కలిపి తెచ్చారు," అన్నారు. ఆ మాట వరసలో ఉన్నవాళ్ళందరికీ వినబడింది.

తాతబ్బాయి కూతురి వెనకే ఉన్నాడు. ముందు అర్థం కానట్టు చూశాడు. తర్వాత మొహం నల్లబడిపోయింది.

"బెల్లవాండీ? బెల్లం మొకం సూసి ఎన్నేళ్ళయిందోనండి మా ఇంట్లో. ఉంటే దాని నోట్లో యేత్తాను గాని, ఉచ్చగిన్నెలో యేత్తానా?"

"అందరికీ దాహమే తాతబ్బాయ్," అన్నారెవరో వెనక నుంచి.

వీరవేణి గోడకి చేరగిలబడి, మాట్లాడేవాళ్ళ నోళ్ళకేసి చూస్తూ ఉంది. ఓపిక లేని మనిషి చూసే చూపు అది. బిందె ఆపేశారు. తాతబ్బాయి కూతుర్ని జబ్బ పట్టి నడిపించుకుపోతూ నా వైపు తిరిగి చూశాడు. చీమలు పట్టాయన్నది నిజం, గీత పైకి ఉన్నదీ నిజం. తర్వాతి గిన్నె అందుకున్నాను.

రోహిణి కార్తె, ఇంకో రోజు

మనసొప్పక వీరవేణిని మా ఇంటికి పిలిచాను. ఆవిరి నీళ్ళతో కడిగిన గిన్నె నా చేతులతో ఇచ్చి, తడికె ఇవతలే నిలబడ్డాను. గిన్నె తీసుకుని పెరటి రాయి మీద పెట్టి ఎదురు చూశాను. అన్నం వార్చేలోగా చీమలు వచ్చేశాయి.

గిన్నెతో సహా ఉమామహేశ్వరం గారింటికి వెళ్ళాను. ఎక్కడ పట్టానో, ఎలా పట్టానో చెప్పాను. ఆయన చాలాసేపు ఆ చీమలనే చూశారు.

"మా నాన్నకి ఉండేది," అన్నారు. "షుగరు. ఆయన వెళ్ళే చోట ఇలాగే చీమలు పట్టేవి. అమ్మ రోజూ బూడిద చల్లేది. నా కళ్ళతో చూసినవాణ్ణే. మొన్న నాకెందుకు గుర్తు రాలేదో!"

"పెద్దవాళ్ళకి కదండీ వచ్చేది?"

"పెద్దవాళ్ళకి వస్తే మందుబిళ్ళలతో నెట్టుకొస్తారు. చిన్నతనంలో వస్తే సూదిమందు పడాలి. పడకపోతే మనిషి ఎండి రాలిపోతాడు."

సాయంత్రం అందరినీ పిలిపించి, తాతబ్బాయి ముందు చేతులు జోడించారు. "నోరు జారాను. ఆ పిల్లది మోసం కాదు, జబ్బు," అన్నారు. తాతబ్బాయి ఏం చెయ్యాలో తెలియక ఆయన చేతులు పట్టుకుని కిందికి దించేశాడు. బిందె మళ్ళీ ఇస్తున్నారు. కానీ అందరూ వెళ్ళాక పెద్దాయన నాతో అన్నారు: "ఈ బిందె ఆ పిల్లని నిలబెట్టదు పేరంటాలూ. మందు మెట్టగట్టు లోపల ఉంది. వాళ్ళు బయటివాళ్ళకి ఇవ్వరు."

"అడిగి చూద్దామండీ."

"నోటిమాట వినరు అక్కడ." మొలకి ఉన్న తాళంచెవి తీసి, గొట్టం ఉండే పెట్టె తెరిచారు. "ఇది పట్టుకెళ్ళు. గీత చూపించు, చీమల్ని చూపించు. రెండ్రోజుల్లో మాత్రం తిరిగి రావాలి. ఇది లేకపోతే మనం గుడ్డివాళ్ళం."

మృగశిర కార్తె

మృగశిర చల్లబడే కాలం మా అమ్మమ్మతోనే పోయింది. ఇప్పుడు వాన అంటే తుపాను. అది వచ్చేదాకా చినుకు ఉండదు.

తెల్లారేసరికి పడవ కదిలింది. తాతబ్బాయి తెరచాప చూసుకుంటున్నాడు. నేను వీరవేణి తల ఒళ్ళో పెట్టుకుని, తడిగుడ్డతో పెదవులు తడుపుతూ కూర్చున్నాను. ఊపిరి ఎగబీలుస్తోంది. నోటి దగ్గర మగ్గిపోయిన పండు వాసన. కింద నీళ్ళలో ఒక పాత రోడ్డు తెల్లగా చాలా దూరం మా వెంటే వచ్చి, లోతులో కలిసిపోయింది.

మెట్టగట్టు నల్లరాయితో కట్టిన గోడ. దాని కింద టార్పాలిన్ల నీడన జనం. ఏ దిబ్బవాళ్ళో, ఎన్నాళ్ళ నుంచి ఉన్నారో. తలుపు దగ్గర పరీక్ష చేసే నర్సు పేరు జ్ఞానసుందరి. యాభై దాటి ఉంటుంది, తెల్లకోటుకి మోచేతుల దగ్గర మాసికలు. పడవలోకి దిగి వీరవేణి నోటి దగ్గర వాసన చూసి, కనురెప్ప ఎత్తి చూసింది. నేను గిన్నె బయటికి తీసేలోపే చెప్పేసింది.

"ఇది షుగరేనమ్మా. పరీక్ష అక్కర్లేదు."

"మందు ఉందా అండీ?"

"ఉంది. లోపల తొట్లలో మేమే తయారుచేస్తున్నాం. లోపలివాళ్ళకి లెక్కపెట్టి ఇస్తున్నాం."

"అయితే ఈ పిల్లని లోపలికి తీసుకోండి."

ఆవిడ నన్ను పరీక్ష గదికి తీసుకెళ్ళింది. బల్ల మీద పెద్ద సాధనం ఒకటి ఉంది. మా గొట్టానికి తాతలాంటిది. ఇత్తడి చక్రాలు, రెండు గాజుదిమ్మలు. ఆ గాజుకి మబ్బు కమ్మింది, ముసలివాళ్ళ కంట్లో పొరలా. కన్ను ఆనించి చూశాను. లోపల నీలం లేదు, తెలుపు లేదు. అంతా బూడిదరంగు.

"ఉప్పుగాలికి ఇలా అయిపోయింది," అంది. "ఒంటేలు ఇందులో చూసి, కిడ్నీలు బాగున్నాయని తేలితేనే గట్టు దాటనివ్వాలని మా పైవాళ్ళ నిబంధన. చూడ్డానికేమో ఇదీ నా పరిస్థితి. పాదాలు నొక్కి, మొహం చూసి పంపిస్తున్నాను. కాస్త అనుమానం వచ్చినా వెనక్కే. ఏ జబ్బూ లేనివాళ్ళని ఎంతమందిని ఆ టార్పాలిన్ల కిందికి తోశానో దేవుడికే తెలియాలి."

అప్పుడు చూసింది నా మెడలో వేలాడుతున్న గొట్టాన్ని. అడిగి తీసుకుంది. కిటికీ దగ్గరికి వెళ్ళి ఆకాశం వైపు ఎత్తింది. ఎంతసేపటికీ దించలేదు. దించాక గొట్టం నా చేతిలో పెట్టి, నా మొహం చూడకుండా, "ఇక్కడే ఉండమ్మా, పైవాళ్ళతో మాట్లాడి వస్తాను," అని లోపలికి వెళ్ళింది.

ఆవిడ తిరిగి వచ్చేసరికి ఎండ గోడ దాటింది.

"ఈ గొట్టం గట్టుకి ఇచ్చేస్తే పిల్లని లోపలికి తీసుకుంటారట. బతికున్నంత కాలం మందు ఇస్తారట."

గొట్టం తాడు మళ్ళీ మెడలో వేసుకున్నాను. "మా దిబ్బ మీద నాలుగొందల మంది ఉన్నారండీ. రెండే పొరలు. ఏది చిరిగినా ఇదే చెప్పాలి."

"తెలుసు. నేను అడగడం లేదమ్మా. వాళ్ళు చెప్పమన్నది చెబుతున్నాను."

"బదులుగా పొరలైనా ఇప్పించండి. ఒక్కటైనా."

"అడిగాను. లేవన్నారు. ఉన్నా ఇవ్వరు."

"కొన్నాళ్ళు వాడుకుని తిరిగి ఇస్తారా?"

"గట్టు లోపలికి వెళ్ళింది ఏదీ బయటికి రాదు," అంది. కోటు మాసిక సవరించుకుంటూ, "నేను కూడా," అంది.

రేవు దగ్గరికి వచ్చి తాతబ్బాయికి చెప్పాను. దాచలేకపోయాను. వింటూనే లేచి నిలబడ్డాడు.

"వద్దు చెల్లెమ్మా. నాలుగొందల నోళ్ళు కొట్టి నా కూతుర్ని బతికించుకోలేను. పద, ఎళ్ళిపోదాం."

పడవ తాడు విప్పడానికి వంగాడు. అతను చిన్నప్పటి నుంచి వేసిన ముడి అది. వేళ్ళు దాని మీద తడుముకుంటున్నాయి గాని, ముడి ఊడలేదు. అలాగే కూలబడి, మొహం సముద్రం వైపు తిప్పుకున్నాడు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

వీరవేణి కళ్ళు తెరిచింది. మా మాటలు విందో లేదో తెలియదు. "అత్తా, కొంచెం నీళ్ళు," అంది.

ఆలోచించి చేశానని రాస్తే అబద్ధం. నాలుగొందల మందీ నాకు కనబడలేదు. ఒళ్ళో ఉన్న మొహం ఒక్కటే కనబడింది. మెడలో తాడు తల మీంచి తీశాను.

లోపలికి మోసుకెళ్ళేటప్పుడు ఆ పిల్ల చెయ్యి తండ్రి వైపు చాచింది. తాతబ్బాయి రెండు అడుగులు వేశాడు. తలుపు దగ్గర కాపలావాడు కర్ర అడ్డం పెట్టాడు. జ్ఞానసుందరి ఆ చేతిని పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.

మృగశిర కార్తె, తిరిగి వచ్చాక

దారంతా తాతబ్బాయి తెరచాప తాడు పట్టుకుని వెనక్కే చూస్తూ వచ్చాడు.

ఉమామహేశ్వరం గారు రేవులోనే ఉన్నారు. నా మెడకేసి చూశారు, చేతులకేసి చూశారు. జరిగింది చెప్పాను.

"ఎవరిని అడిగి ఇచ్చావమ్మా?"

"ఎవరినీ అడగలేదండి."

రేవు మెట్టు మీద కూర్చుండిపోయారు. అంత పెద్దాయన అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. కెరటం వచ్చి ఆయన పంచె అంచు తడిపి వెళ్ళింది. "అడిగి ఉంటే వద్దనేవాణ్ణి," అన్నారు చివరికి. "ఆ పిల్లని నేనే చంపినవాణ్ణి అయ్యేవాణ్ణి. అడక్కపోవడం నాకు మంచిదే అయింది. వీళ్ళకి మంచిదో కాదో తెలియదు."

సాయంత్రం జనం నన్ను అనవలసినవన్నీ అన్నారు. నేను తల వంచుకుని నిలబడ్డాను. కొందరు బిందెలు ఎత్తుకుని వెళ్ళిపోయారు. వాళ్ళని చూడడమే కష్టమైంది. నీళ్ళ గది తాళం వేరే ఎవరైనా తీసుకోండని పెద్దాయన ముందు పెట్టాను. ఎవరూ ముట్టుకోలేదు. గొట్టం లేని గది ఎవరికి కావాలి?

ఆరుద్ర కార్తె, మొదట్లో

అంకె వేసే గడిలో ఏం రాయాలో తెలియడం లేదు.

పొద్దున్నే నోరు పుక్కిలించి రెండు కుళాయిల నీళ్ళూ రుచి చూస్తున్నాను. నాలుకకి నిన్నటి రుచే కొలత. రోజుకి ఇసుమంత పెరిగితే అది పట్టుకోలేదు. పళ్ళేల్లో నీళ్ళు పోసి ఎండబెట్టి, అడుగున మిగిలిన ఉప్పు చూద్దామనుకున్నాను. పక్కన ఒక ఖాళీ పళ్ళెం కూడా పెట్టాను. సాయంత్రానికి సముద్రపు గాలికి ఖాళీదానిలోనూ తెల్లగా పేరుకుంది. మూడు పళ్ళేలూ ఒకేలా ఉన్నాయి.

తాతబ్బాయితో ఎవరూ పెద్దగా మాట్లాడడం లేదు. సరుకు దించి తన ఇంటి అరుగు మీద ఒక్కడే కూర్చుంటున్నాడు. నిన్న వెళ్ళి పక్కన కూర్చున్నాను. "నువ్వు కూడా రాకు చెల్లెమ్మా, నిన్నూ కలిపి తిడతారు," అన్నాడు. ఇంకాసేపు కూర్చునే వచ్చాను.

సీతారత్నం బిందె కోసం వచ్చింది. ఎనిమిదో నెల పడుతోందట. ఉంగరం వేలి నుంచి రావడం లేదని నవ్వుతూ చూపించింది. వేలు ఉబ్బి ఉంది. కడుపుతో ఉన్నవాళ్ళకి మామూలే కదా అనుకున్నాం ఇద్దరం.

ఆరుద్ర కార్తె, చివర

ఇవాళ రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

మధ్యాహ్నం నూకరాజు పరుగెత్తుకుంటూ వచ్చాడు. సీతారత్నానికి కళ్ళు మసకబారాయట, తలలో సుత్తితో కొడుతున్నట్టు ఉందట. నేను వెళ్ళేసరికి మంచం మీద కొట్టుకుంటోంది. పళ్ళు బిగిసిపోయాయి. పాదాలు బూరెల్లా ఉన్నాయి. నలుగురు ఆడవాళ్ళం పట్టుకున్నాం. పొద్దువాలే వేళకి బిడ్డ పుట్టాడు. ఏడవలేదు. మగపిల్లాడు, తల నిండా జుట్టు. సీతారత్నం బతికింది.

ఉమామహేశ్వరం గారు, విప్పితే మళ్ళీ అతకదని ఇన్నాళ్ళూ ముట్టుకోని మూడో కుళాయి పొర విప్పి వెలుతురుకి పట్టి చూశారు. అంచు వెంట జానెడు పొడుగున చీలిక. కొత్తది కాదు. ఎప్పటి నుంచో మెల్లమెల్లగా సాగుతోంది. ఆ కుళాయి ఉప్పునీళ్ళూ కలిసే అన్ని ఇళ్ళకీ వెళ్ళాయి. ఎక్కువ బిందె ఇచ్చినవాళ్ళకి ఎక్కువ వెళ్ళాయి. గొట్టం ఉంటే మొదటి రోజునే గీత ఒక గడి జరిగేది. ఆ రోజునే కట్టేసేవాళ్ళం.

ఆయన పొర మడిచి పక్కన పెట్టి, మూడో కుళాయి మూత బిగించి వెళ్ళిపోయారు.

బిడ్డని మట్టికి అప్పగించి వచ్చాక నూకరాజు నీళ్ళ గది తలుపు మీద కాలితో తన్నాడు. మళ్ళీ తన్నాడు. లోపలే ఉన్నాను. గడియ పెట్టలేదు. వస్తే రానిమ్మనుకున్నాను. లోపలికి మాత్రం రాలేదు. బయట నిలబడి ఆయాసపడడం వినబడింది, తర్వాత అదీ వినబడలేదు.

పునర్వసు కార్తె

ఒక్క కుళాయే. మనిషికి రెండు చెంబులు. కొన్ని కుటుంబాలు మెట్టగట్టుకి బయలుదేరతామంటున్నాయి. ముసలివాళ్ళు కదలమంటున్నారు.

తాతబ్బాయి నిన్న మెట్ట నుంచి వచ్చాడు. చెప్పాలా వద్దా అన్నట్టు గడప దగ్గర తచ్చాడి, చివరికి లోపలికి వచ్చాడు. కమ్మీల అవతల నుంచి కూతుర్ని చూపించారట.

"ఒళ్ళు చేసింది చెల్లెమ్మా. బుగ్గలొచ్చాయి. పొద్దుటా మాపటా సూది తనే పొడుచుకుంటందంట." ఆ మాట చెబుతూ నవ్వబోయి, నూకరాజు ఇంటి వైపు చూసి గొంతు తగ్గించేశాడు. "ఆ నర్సమ్మగారు నీతో ఓ మాట చెప్పమన్నారు. గొట్టం వచ్చాక టార్పాలిన్ల కిందున్నోళ్ళలో సగం మందిని లోపలికి పంపారంట."

"సరే," అన్నాను. సంతోషపడాలి. పడ్డాను కూడా, తప్పు చేస్తున్నదానిలా.

ఇవాళ పొద్దున్న సీతారత్నం వచ్చింది. కాన్పు తర్వాత ఇల్లు దాటి రావడం ఇదే మొదటిసారి. నీళ్ళు నూకరాజు తెస్తున్నాడు ఇన్నాళ్ళూ. మొహం వాపు తీసింది. చంకన ఖాళీ బిందె.

"తాతబ్బాయిగారు వచ్చారంట కదక్కా."

"వచ్చాడు."

"ఆ పిల్ల?"

చిట్టా మూసి పక్కన పెట్టాను. ఆమె కళ్ళు నా మీంచి తీయలేదు.

"బతికే ఉంది రత్నం. కోలుకుందట."

తల ఊపింది. బిందె గట్టు మీద పెట్టి, దాని అంచు మీద వేలితో రాస్తూ నిలబడింది.

"ఆ మాట వింటే ఏడుపొస్తదనుకున్నానక్కా. లేకపోతే నిన్ను నాలుగు తిట్టాలనిపిస్తదనుకున్నాను. అందుకే వచ్చాను. ఏదీ రావట్లేదు."

"తిట్టు," అన్నాను.

"నువ్వు ఇవ్వకపోతే అది పోయేదిగా."

"పోయేది."

"ఇచ్చావు గనక మావోడు పోయాడు."

కిటికీలోంచి ఎండ వచ్చి ఖాళీ బిందెలో పడింది. కుళాయి తిప్పి దోసిట్లో నీళ్ళు పట్టాను. నాలుక మీద వేసుకుని ఆగాను. ఉమ్మేసి, మళ్ళీ పట్టి చూశాను.

"ఎలా ఉన్నాయి?" అంది.

"తెలియడం లేదు రత్నం."

కాసేపు కుళాయిని చూసింది. బిందె తీసి దాని కింద పెట్టింది.

"పట్టక్కా. దాహంగా ఉంది."

నిండేదాకా ఇద్దరం నిలబడ్డాం. బిందె చంకనెత్తుకుని, ఇంకో చెయ్యి గోడకి ఆనించుకుంటూ మెట్లు దిగి వెళ్ళింది.

ఒకటో కుళాయి నిన్నటిలాగే అనిపించింది. రెండోది, మూడోది మూసి ఉన్నాయి.